గెడ్డకి ఇవతల బంగారు తుమ్మెద

ఇది ఎప్పుడో రాయవలసింది. ఆయన బస్సులో ఉన్నన్నాళ్ళూ నాకు అక్షరాలు రావు. యాభై ఎనిమిదో ఏట మా ఊరి అంగన్‌వాడీ టీచరు, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, గచ్చు మీద సుద్దముక్కతో నా చేత దిద్దించింది. కూడబలుక్కుని చదవడానికి రెండేళ్ళు పట్టింది. రాయడానికి ఇంకో ఏడాది. వచ్చాక కూడా ఆయన గురించి రాయలేకపోయాను. ఆయన గురించి రాస్తే ఒక అబద్ధం గురించి కూడా రాయాలి. ఆ అబద్ధం నాది.

ఆయన మా రోడ్డు మీద బస్సు కండక్టరు. రాజాంలో బయలుదేరి, మా ఊరు దాటి, గెడ్డ మీద వంతెన ఎక్కి దిగి, నరసన్నపేట పోయే బస్సు. గెడ్డ అంటే మా వైపు చిన్న ఏరు. ఆయన పేరు నాకు తెలుసు. కానీ బస్సులో ఆయన్ని పేరుతో పిలవగా ఎప్పుడూ వినలేదు. ఆడవాళ్ళం కండక్టరు బాబూ అనేవాళ్ళం. వెనక సీటు మగవాళ్ళు తుమ్మెదల మావ అనేవారు.

నేను వంకాయల గంపతో పొద్దున్న ఎక్కి, మధ్యాహ్నం ఖాళీ గంపతో దిగేదాన్ని. కొత్తవాళ్ళెవరైనా ఎక్కితే అందరం చెవులు అటు వేసేవాళ్ళం. ఆయన టిక్కెట్టు చింపి చేతిలో పెట్టేవాడు. చెవి మీద పెన్సిలు తీసేవాడు. ఒక కన్ను కొంచెం మూసి అడిగేవాడు.

"ఏ ఊరు బాబూ? మీ ఊరిలో ఏ తుమ్మెదలున్నాయి?"

ఒకసారి తెల్లపంచె కట్టుకున్న పెద్దమనిషికి కోపం వచ్చింది. "నాను సంబందం సూడ్డానికెల్తన్నానయ్యా. తుమ్మెదల్ని సూడ్డానికి కాదు."

"ఎల్లు బావా. ఎలాగూ పిల్లింటికే కదా. దూలానికి కన్నాలున్నాయేమో ఓపాలి పైకి సూసి రా."

సాయంకాలం అదే బస్సుకి ఆ పెద్దమనిషి తిరిగొచ్చాడట. సంబంధం కుదిరిందో లేదో చెప్పలేదు గానీ, దూలానికి నాలుగు కన్నాలున్నాయని చెప్పి దిగిపోయాడట.

తుమ్మెద అంటే మాకందరికీ ఒకటే తుమ్మెద. నల్లగా ఉంటుంది, జుమ్మంటుంది, ఎండుకర్రలో, వెదురులో గుండ్రంగా కన్నం చేసుకుంటుంది, కింద సన్నటి పొట్టు రాలుతుంది. ఆయనకి మాత్రం అవి వేరువేరు ఇంటిపేర్లున్న కుటుంబాలు. బొటనవేలంత లావున, రెక్కలు నీలంగా మెరిసేది బుగత తుమ్మెద. మా వైపు బుగత అంటే భూములున్న ఆసామి. అది అలాగే తొందర లేకుండా వస్తుందనేవాడు. చిన్నది, అద్దంలాంటి రెక్కలది కూలి తుమ్మెద, దానికి తీరిక లేదు. ఒళ్ళంతా నలుపై, మెడ చుట్టూ పసుపు రాసుకున్నట్టుండేది పసుపుమెడది. నాలుగోది బంగారు తుమ్మెద. ఒళ్ళంతా ఒకటే బంగారు రంగు. ఇవన్నీ ఆయన పెట్టుకున్న పేర్లే. చెబుతున్నప్పుడు చెయ్యి కూడా ఎగిరేది. బుగతకి చెయ్యి బరువుగా తేలేది. బంగారుదానికి మాత్రం అరచెయ్యి గాలిలో కదలకుండా ఆగిపోయేది. బస్సు గోతుల్లో పడి మేమందరం ఊగిపోతున్నా ఆ చెయ్యి అక్కడే నిలబడి ఉండేది. నాకు దాన్ని చూస్తే నిద్ర వచ్చేది.

పాత కేలండరు అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి ఉండేది ఆయనకి. తెరిస్తే అందులో మా రోడ్డు. ఈ చివర రాజాం, ఆ చివర నరసన్నపేట, మధ్యలో అడ్డంగా గెడ్డ. ఒక్కొక్క ఊరి పక్కన రకానికొక వరసలో చుక్కలు. చూసినవాళ్ళు తమ నోటితో చెబితే నిండు చుక్క, పక్కన వాళ్ళ పేరు. ఎవరో చూశారట అని చెబితే ఉత్త సున్నా. సున్నాకి పేరు ఉండదు.

సెలవు మీద వచ్చిన మిలట్రీ కుర్రాడొకడు మంచుకొండల దగ్గర పని చేస్తానన్నాడు. ఆయన బస్సు కడ్డీ పట్టుకుని అతని పక్కనే నిలబడిపోయాడు.

"అక్కడ తుమ్మెదలుంటాయా?"

"ఉంటాయి మావా. బొచ్చుతో. గొంగళి కప్పుకున్నట్టుంటాయి."

"పిర్ర ఏ రంగు?"

"తుపాకీ పట్టుకుని తుమ్మెద పిర్ర సూస్తానేటి!"

బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "వొచ్చే సెలవుకి సూసుకుని రా," అన్నాడు. ఆ కుర్రాడు మళ్ళీ వచ్చినప్పుడు, ఇంకా మెట్టు ఎక్కకుండానే, "ఎరుపు మావా! నిప్పు కణికలాగ!" అని కేకేశాడు. ఆయన ఆఖరి పేజీలో కొండ బొమ్మ వేసి అక్కడ చుక్క పెట్టాడు.

"అది చలిదేశాల తుమ్మెద," అని మాకు చెప్పాడు. "చాలా దేశాల్లో తుమ్మెదంటే అదేనంట. తోటల్లో, రోడ్ల పక్కన, ఎక్కడ సూసినా అదే. మన దేశంలో మట్టుకు మంచుకొండలు దిగదు. ఎండ పడదు. మన బస్సెక్కదు." చివరి మాట కొంచెం విచారంగా అన్నాడు. ఎక్కితే టిక్కెట్టు కొట్టేవాడే.

ఆ రోజుల్లో నరసన్నపేటలో ఒక ఎండుచేపల అప్ప ఎక్కేది, అప్ప అంటే మా వైపు అక్క. భావనపాడు నుంచి తట్టతో వచ్చి లోపలి ఊళ్ళలో అమ్ముకునేది. సముద్రం ఒడ్డున ఇసకలో పాకే తీగ ఉంటుందని, దాని ఊదారంగు పూల మీద బంగారు తుమ్మెద తిరుగుతుందని చెప్పింది. ఆయన తన సెలవురోజున భావనపాడు వెళ్ళి, ఎండలో ఇసక మీద కూర్చుని చూసి వచ్చాడు.

"సముద్రం దాకా ఉన్నాదర్రా," అన్నాడు మర్నాడు. "అవతల ఎవుల్ని అడగాలో తెలీదు."

చేపల అప్ప పేరు పుస్తకంలో ఎక్కింది. ఆమె తట్ట మీద మోచెయ్యి ఆనించి నన్ను దెప్పేది.

"మీ ఊరిలో ఏటున్నాయే?"

"నల్లవి."

"నల్లవి అందరికీ ఉన్నాయి. గెడ్డకి అవతలన్నీ బంగారపు చుక్కలే. ఇవతల మీకేటుంది? దుమ్ము. నా పేరు రాసినాడు తెలుసా, పుస్తకంలో!"

నా పేరు అప్పటిదాకా రేషను కార్డు మీద ఉంది. అదీ మా ఆయన పేరు కింద. ఒక మనిషి నన్ను అడిగి, నేను చెబితే విని, నా పేరు రాయడం నాకు ఎప్పుడూ జరగలేదు.

అదే వారంలో మా అత్త నాకొక మాట చెప్పింది. మా మావ పోయిన పదో రోజున పిండం కాకి ముట్టలేదు. ఎంతసేపు పిలిచినా రాలేదు. ఆ బెంగ ఏడాది పాటు ఆమెకి అలాగే ఉండిపోయింది. ఒకనాడు వంగమడి గట్టు మీద కూర్చుని ఉంటే ఒక బంగారు తుమ్మెద వచ్చి ఆమె ముఖానికి ఎదురుగా నిలబడిందట.

"రెక్కలాడతన్నాయి గాని కదల్లేదే. నన్ను సూసి సూసి ఎల్లిపోనాడు. మీ మావే. ఎవులికీ సెప్పకు."

మర్నాడు బస్సులో నేను చెప్పాను. "మా వంగమడి దగ్గర బంగారు తుమ్మెదొచ్చింది బాబూ."

ఆయన పెన్సిలు చెవి మీంచి దిగింది. "నివ్వు సూసేవా అప్పా, ఎవులైనా సెప్పేరా?"

ఎవరికీ చెప్పకు అన్న మాట ఒకవైపు. అత్త చూస్తే ఆ ఇంట్లో కోడలు చూసినట్టే కదా అని నాకు నేను చెప్పుకున్న మాట ఇంకోవైపు. అన్నిటికన్నా ముందు, చేపల అప్ప నా వైపే చూస్తోంది.

"నాను సూసేను," అన్నాను.

ఆయన నా పేరు రాసి, పుస్తకం నా ముందు పెట్టి, వేలితో చూపించాడు. "ఇదిగో, నివ్వు." నేను చదవగలిగినట్టు తలాడించాను. గెడ్డకి ఇవతల అదొక్కటే బంగారు చుక్క.

అక్కడితో ఆగితే నా మనసు కూడా సర్దుకునేదేమో. కానీ గెడ్డ దాటి బంగారు తుమ్మెద ఉందంటే కొండల వైపు కూడా ఉండొచ్చని ఆయనకి ఆశ పుట్టింది. సెలవురోజుల్లో మా ఊరు వచ్చాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. చెప్పులు గట్టు మీద విప్పి, తువ్వాలు నెత్తిన వేసుకుని, మా వంగమడి దగ్గర గొంతుక్కూర్చునేవాడు. బుగతలు వచ్చేవి, కూలివి వచ్చేవి. ఊదాపువ్వుని కాళ్ళతో పట్టుకుని జుమ్మని కుదిపితే పుప్పొడి రాలి వాటి పొట్టకి అంటుకునేది. "సూడు, ఆ సప్పుడికే పువ్వు లొంగుతాది. అవి తిరిగితేనే నీ వంకాయ బాగా నిలుస్తాది," అని నాకు చూపించేవాడు. నలభై ఏళ్ళు వంకాయలు పండించిన దాన్ని, ఆ రోజు దాకా నాకది తెలియదు. ఆ తరవాత పూతమీద పొద్దుటిపూట మందు కొట్టడం మానేశాను.

మా అత్త ఆయనకి రాగిపిండితో కాచిన చోడి అంబలి ఇచ్చి, అక్కడే కూర్చోబోయింది. ఆమె నోరు విప్పితే నా అబద్ధం బయటపడుతుంది. "అత్తా, గేదె కట్టు తెంపుకున్నట్టుంది, సూడు," అని పంపేశాను. రెండోసారీ పంపేశాను. మూడోసారి ఆమె తనంతట తనే లోపలికి వెళ్ళింది. వెళ్తూ నా వైపు ఒక చూపు చూసింది.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆయన లేచి మోకాళ్ళు సవరించుకున్నాడు.

"కనబడనేదా బాబూ?" అన్నాను.

"నాకు కనబడనేదు. అంతే. నీకు కనబడిందిగా."

ఆ మాటలో అనుమానం రవ్వంత కూడా లేదు. ఉంటే బాగుండేది.

ఇంకో రోజు గెడ్డకి అవతల బస్సు చక్రం పంక్చరైంది. పక్కన జనపచేను. నిండా పసుపు పూలు, వాటి మీద ఎండ. చేను లోపల ఎక్కడో పెద్ద ఇత్తడి గంగాళం మోగుతున్నట్టు ఒకటే జుమ్మని చప్పుడు. డ్రైవరు చక్రం విప్పుతుంటే మేము చెట్టునీడకి చేరాం. ఆయన చేను గట్టున వెదురు దడి ముందు నిలబడిపోయాడు. చాలాసేపు కదల్లేదు. ఉన్నట్టుండి పరిగెత్తుకొచ్చాడు.

"నాది తప్పు! నాది తప్పర్రా!"

అందరం ఏమైందోనని లేచాం.

"పసుపుమెడదీ బంగారుదీ ఒకే కన్నంలోంచి వొచ్చినాయి. వేరే జాతి కాదు. అది ఆడది, ఇది మగది. నాలుగు రకాలని ఇన్నేళ్ళూ రాసినాను. మూడే!"

చేపల అప్ప నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! మొగుడూ పెళ్ళాల్ని ఇడదీసి రాసినావా ఇన్నాళ్ళూ?"

"ఇడదీసినానప్పా," అని ఆయన ఒప్పుకుని, అక్కడే రోడ్డు మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీ నుంచి పసుపుమెడదాని వరస మొత్తం కొట్టేశాడు. ఎన్నేళ్ళ రాతో. కొడుతూ కొడుతూ నవ్వుతున్నాడు. తరవాత చేలోకి వెళ్ళి, ఒక బంగారు మగదాన్ని వట్టి గుప్పిట్లో పట్టుకొచ్చాడు. మగవాటికి ముల్లు లేదు, కుట్టవు. గుప్పిట ఒక్కొక్కరి చెవి దగ్గర పెట్టాడు. నా చెవి దగ్గర పెట్టినప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఎక్కడో దూరాన ఎవరో నా పేరు ముక్కుతో పలుకుతున్నట్టుంది.

"ఈ అప్పకి కొత్త కాదు," అన్నాడు అందరితో. "గెడ్డకి ఇవతల సూసింది ఈయమ్మ ఒక్కతే."

అంతమంది ముందు తప్పు ఒప్పుకుని ఆయన తేలికగా ఉన్నాడు. ఆ క్షణంలోనైనా నేను నోరు విప్పవచ్చు. గుప్పిట తెరిస్తే తుమ్మెద ఎగిరిపోయింది. నేను గంప సర్దుకున్నాను.

కొన్నాళ్ళకి ఆయన రిటైరయ్యాడు. కొత్త కండక్టరు టిక్కెట్టు ఇచ్చి ముందుకు వెళ్ళిపోయేవాడు. ఊరు అడిగేవాడు, అంతే. నాకు అక్షరాలు వచ్చాక బస్సు బోర్డు మీద రాజాం అన్న మాట నేనే చదివాను. చదివినప్పుడు ఆయన ఇల్లు అక్కడే కదా అనుకున్నాను. వెళ్దాం వెళ్దాం అనుకుంటూ మూడు వానాకాలాలు గడిచాయి.

పోయిన నెల చేపల అప్ప బస్సు ఎక్కుతూనే నా పక్కన కూలబడింది. ఈ మధ్య ఆమె తట్ట తేవడం లేదు, సంచి తెస్తోంది.

"తుమ్మెదల బాబు పోనాడే," అంది.

పెద్దదినం అయ్యాక రాజాం వెళ్ళాను. ఆయన భార్యని చూడడం అదే మొదలు. నన్ను కూర్చోమని, ఏ ఊరమ్మా అని అడిగింది. చెప్పాను. కొంచెం నవ్వింది. "పెళ్ళయిన కొత్తలో నన్నూ అడిగినాడు. మీ ఊరిలో ఏ తుమ్మెదలున్నాయని. సిగ్గుపడి సెప్పనేదు. వారం రోజులు అలిగినాడు."

పుస్తకం గూట్లో ఉంది. కాలేజీలో పురుగుల చదువు చెప్పే మేడం ఒకామె దాని కోసం ఎల్లుండి వస్తుందట. ఊరూరికీ ఆయన పెట్టిన చుక్కలన్నీ పెద్ద పటం మీదికి ఎక్కిస్తారట. ఎక్కితే ఇక ఎక్కినట్టే.

చూస్తానమ్మా అని అడిగాను. నా చేతికిచ్చింది.

గెడ్డ గీతకి ఇవతల మా ఊరు దొరికింది. పక్కన నిండు చుక్క. దాని పక్కన పెన్సిలుతో రాసిన నా పేరు. పైడమ్మ. అన్నేళ్ళ కింద ఆయన వేలు పెట్టి చూపించిన మాటని ఆ రోజు నేనే చదివాను. దాని కింద ఇంకా సన్నటి అక్షరాలున్నాయి. కూడబలుక్కున్నాను. "మూడుసార్లు వెళ్ళాను. కనబడలేదు. అయినా చుక్క ఉంచాను. ఆమె చూసింది."

పుస్తకం మూసేశాను. ఆమెకి అంతా చెప్పాను. అత్త సంగతి, గేదె సంగతి, జనపచేను దగ్గర నోరు మూసుకున్న సంగతి.

ఆమె నా వైపు తిరిగింది. "మరి బతికుండగా ఎందుకు సెప్పనేదే?"

"నా పేరు తీసేస్తాడని."

"తీసేసేవోడే," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పెళ్ళాం మాటకైనా సున్నాయే పెట్టేవోడు. తీసేసి, నీకు సీటు సూపించి కూకోబెట్టేవోడు."

కొట్టేయమని పుస్తకం ఆమె ముందుకు జరిపాను. ఆమె తిరిగి నా ముందుకే జరిపింది.

"నాను ముట్టుకోను. రాయించుకున్నది నివ్వు. సూసినామె ఇంకా ఉన్నాదా?"

"ఉన్నాది. మా అత్త."

"అయితే ఆమెని అడిగి తే. రేపు సాయంకాలానికి నా సేతిలో ఉండాల."

పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్న మా అత్త వాకిట్లో ఎండకి కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. కళ్ళు బాగా మందగించాయి, వేళ్ళతోనే రాళ్ళు వెతుకుతుంది. నేను ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచాను.

"అత్తా, ఒకపాలి మావొచ్చినాడన్నావు కదా, వంగమడి కాడికి. ఎలాగున్నాడు?"

చేట ఆగింది. "ఇన్నాళ్ళకా అడగడం? ఆ బాబొచ్చినప్పుడు నన్ను గేదెల కాడికి తరిమేసినావు."

"తరిమేసినాను. నాది తప్పు. ఇప్పుడు సెప్పు."

ఆయన బస్సులో అడిగే ప్రశ్నలే వరసగా అడిగాను. ఎంత లావు? బొటనవేలి కన్నా తక్కువ. మెడ ఒక్కటే రంగా, ఒళ్ళంతానా? ఒళ్ళంతా. పువ్వు మీద వాలిందా? వాలలేదు, గాలిలో నిలబడింది. కుట్టిందా? "కట్టుకున్నోడు కుడతాడేటి!"

"పసుపు రంగేనా?"

"పసుపు కాదే. కొత్త బెల్లం. అప్పుడే పెనంలోంచి దించిన బెల్లం."

గెడ్డకి అవతల గుప్పిట్లోంచి ఎగిరిపోయిన దాని రంగు నేను చూశాను. ఇంతవరకు ఆ రంగుకి నాకు మాట దొరకలేదు. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఆ జనపచేను వైపు వెళ్ళలేదు.

నేను పెన్సిలు తీశాను. ఆమె తల వంచి, కనబడకపోయినా కాగితం వైపు చూసింది.

"మీ మావ అని రాస్తావా, తుమ్మెద అని రాస్తావా?"

"తుమ్మెదనే రాయాల అత్తా, ఇందులో."

కందుల్లో ఆమె వేళ్ళు కాసేపు ఊరికే తిరిగాయి. "రాయి," అంది. "ఆయనేటనుకోడు."

నా పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టాను. గీత కొంచెం వంకర పోయింది. పక్కన చోటు తక్కువ. ఆయనలాగా సన్నగా రాయడం నాకింకా రాదు, గచ్చు మీద నేర్చుకున్న అక్షరాలు కదా, ఒక్కొక్కటి చింతగింజంత ఉంటాయి. అసిరమ్మ, చూసింది అని రాసేసరికి ఆ పేరు మా ఊరు దాటి, గెడ్డ గీత మీదుగా అవతలి గట్టు దాకా వెళ్ళింది.